మూడో ప్లగ్గు

మే 4, ఆదివారం

చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని, కారు బానెట్టు ఎత్తాను. వరండాలో కూర్చున్న మా చెల్లెలు మేరమ్మ ఏదో అంది. వినక్కర్లేదు, పెదాలు చూస్తే చాలు. ఆదివారం పూట ఈ పనేంటని. ఇది పని కాదన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆదివారాలూ పండగలూ చూడకుండా ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీలు చేసినదాన్ని. ఏది పనో, ఏది కాదో నాకొకరు చెప్పాలా.

నాలుగు ప్లగ్గులూ విప్పి, పేపరు పరిచి, వరస తప్పకుండా పెట్టాను. ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో కలిసిపోకూడదు. వార్డులో రోగుల రక్తం సీసాలు కలిపేస్తామా? ఒకటోది, రెండోది, నాలుగోది లేత గోధుమరంగు తిరిగి ఉన్నాయి. అదే ఆరోగ్యం. మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, జిడ్డుగా ఉంటే ఆయిలు పైకి వస్తున్నట్టు. ప్లగ్గు మొహం చూసి ఇంజను కడుపులో ఏముందో చెప్పొచ్చని అంతోనయ్య అనేవాడు. మా ఆసుపత్రి డాక్టరు సులోచన గారి దగ్గర డ్రైవరుగా చేసిన ఆ ముసలాయనే ఈ ఫియట్‌తో పాటు దాని వైద్యం కూడా నాకు అప్పగించి పోయాడు.

ఇక మూడో ప్లగ్గు. మసి లేదు, జిడ్డు లేదు, గోధుమరంగు కూడా లేదు. తోమి బోర్లించిన స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. పోయిన నెల దాన్ని ఎంత శ్రద్ధగా శుభ్రం చేశానో దానికి ఇదే సాక్ష్యం.

మిగతావి ఇత్తడి బ్రష్షుతో రుద్దాను. మొనకీ పైన వంగిన కొక్కేనికీ మధ్య గేజి రేకు పెట్టి చూశాను. రేకు ఆనీ ఆననట్టు జారాలి. జారింది. ముందు చేత్తోనే మరలు ఎక్కించి, ఆ తర్వాతే పానా పట్టాను. తొందరపడి పానాతో మొదలుపెడితే మర అడ్డంగా ఎక్కి హెడ్డు పాడవుతుంది. ఈ కాలం మెకానిక్కులకు అంత ఓపిక ఏది?

రేడియేటరు మూత తీస్తే, ఇంజనును చల్లబరిచే కూలెంటు పైకి కనపడలేదు. ఎండలకు ఆవిరైనట్టుంది. పచ్చ కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ కలిపి నిండా పోశాను.

స్టార్ట్ చేస్తే ఇంజను ఉందా లేదా అన్నట్టు ఉంది. అంత మెత్తగా. నా బండి ఈ రెండేళ్ళలో రోజురోజుకీ చప్పుడు తగ్గుతోందంటే ఊరికే కాదు. మేరమ్మ దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "దడదడమంటోంది అక్కా. మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పిపోతోంది," అంది.

కారు గురించి దానికేం తెలుసు. ఉద్యోగమంతా పిల్లల గోలలో గడిచింది, చెవులు పాడైనట్టున్నాయి.

మే 9

పక్కింటి నాగేంద్రమ్మ గారు మొహం ముడుచుకుని ఉన్నారు. మేరమ్మ బజారుకు వెళ్ళినప్పుడు వచ్చి మూడుసార్లు బెల్లు కొట్టారట, నేను హాల్లోనే కూర్చుని తలుపు తీయలేదట. బెల్లు పాడై ఉంటుంది. కొత్తది తెప్పించాలి.

మే 13

విస్సన్నపేట వెళ్ళొచ్చాం. మామిడి లారీల రోజులు, రోడ్డంతా వాళ్ళదే. ఒకడు వెనక నుంచి వచ్చి అద్దానికి జానెడు దూరంలో దూసుకుపోయాడు. మేరమ్మ నా భుజం పట్టుకుని ఎడమవైపుకు లాగింది. లేకపోతే ఏమయ్యేదో.

హారన్ కొట్టకుండా మీదికి వస్తారేంటి వీళ్ళు? అదే మాట మేరమ్మతో అన్నాను. అది కాసేపు నా మొహంలోకి చూసి, సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చింది.

ఈమధ్య ఎక్కడికి బయల్దేరినా తయారైపోతుంది. కిరాణా కొట్టుకైనా సరే, ముందు సీట్లో కూర్చోవాల్సిందే. మరిది గారు పోయి నా దగ్గరికి వచ్చిన కొత్తలో గడప దాటేది కాదు. కారెక్కడమంటే దానికి చిన్నపిల్ల సరదా అయిపోయింది. పోనీలే.

మే 18

కూలెంటు మళ్ళీ తగ్గింది. పోశాను. బండి కింద చుక్క కూడా లేదు. ఎండ అలా ఉంది.

మే 21

లైసెన్సు గడువు దగ్గరపడింది. ఈ వయసులో రెన్యువల్ అంటే డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. చూపు, చేతులు, కాళ్ళు, వినికిడి. డాక్టరు చైతన్య దగ్గరికి వెళ్తే చాలు, కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు. హౌస్ సర్జనుగా వచ్చిన రోజుల్లో రోగి నరం దొరక్క చెమటలు కక్కుతుంటే, చెయ్యి పట్టుకుని సూది ఎక్కించడం నేర్పింది నేనే. ఇప్పుడు బోసుబొమ్మ సెంటరు దగ్గర సొంత నర్సింగ్ హోము.

వెళ్ళాలి. తొందరేముంది.

మే 25, ఆదివారం

విస్సన్నపేట రోడ్డులో షెడ్డు ఉన్న మెకానిక్కు ప్రేమ్ కిరణ్ వచ్చాడు, బండి అమ్ముతారా మేడమ్ అంటూ. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలకు పాత కార్ల మీద మోజట. బానెట్టు మీద అమ్మాయిని కూర్చోబెడతారట. నా బానెట్టు మీద!

"అమ్మను," అన్నాను.

వాడు చుట్టూ తిరిగి చూసి, "ఒకసారి స్టార్ట్ చేయండి," అన్నాడు. చేశాను. వాడు సైలెన్సరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "తెల్లపొగ వస్తోంది మేడమ్. మిస్సింగ్ కూడా ఉంది, ఒక దెబ్బ తప్పుతోంది," అన్నాడు, చేతులతో చూపిస్తూ.

ధర తగ్గించడానికి ఇలాంటి మాటలు చెబుతారు. మేరమ్మ వరండాలోంచి నన్నే చూస్తోంది. దాని వైపు చూడలేదు.

గుర్తు కోసం రాస్తున్నాను: మూడో ప్లగ్గు ఇవాళ కూడా తళతళలాడుతోంది. జబ్బు ఉన్న ఇంజనులో ప్లగ్గు అంత శుభ్రంగా ఉంటుందా?

జూన్ 1, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మేరమ్మతో పాటు స్కూల్లో పనిచేసిన రాయప్ప గారింట్లో కృతజ్ఞతా ప్రార్థన ఉంటే ఎ.కొండూరు వెళ్ళాం. భోజనాలయ్యాక బయల్దేరేసరికి రోడ్డు మీద కాకి లేదు. ఊరు దాటిన కాసేపటికి వేడి చూపించే ముల్లు ఎర్రగీతలోకి పోయింది. ఒక మామిడికాయల షెడ్డు పక్కన ఆపేశాను. బానెట్టు ఎత్తితే ఆవిరి గుప్పుమంది. మేరమ్మను కార్లోనే కూర్చోమని, పక్కన నిలబడ్డాను.

కాసేపటికి ఆవిరి తగ్గింది. చప్పుడేమీ లేదు. చల్లబడిందనుకున్నాను. గుడ్డ మడిచి రేడియేటరు మూత మీద వేసి తిప్పబోయాను.

మేరమ్మ కార్లోంచి ఎప్పుడు దిగిందో, ఎప్పుడు పరిగెత్తుకొచ్చిందో తెలియదు. నా చెయ్యి పట్టి లాగేసింది. అప్పటికే మూత సగం తిరిగింది. మరుగుతున్న కూలెంటు చిమ్మింది. నా మొహానికి తగలాల్సింది దాని ముంజేతి మీద పడింది.

"ఇంకా బుసకొడుతోంది అక్కా," అంది, చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే కూర్చుండిపోయి. "కార్లో ఉన్న నాకే వినపడుతోంది. పక్కన నిలబడ్డ నీకు వినపడట్లేదా?"

"వినపడుతోంది," అన్నాను.

ఆ తర్వాత చేయాల్సినవన్నీ చేశాను. షెడ్డువాళ్ళ బిందెలో చన్నీళ్ళు వదలకుండా పోశాను. గాజులు వాపు రాకముందే తీశాను. ఆసుపత్రికి షేరు ఆటోలో తీసుకెళ్ళాను. ప్రేమ్ కిరణ్ జీపు తెచ్చి, తాడు కట్టి బండిని ఇంటికి లాక్కొచ్చాడు.

వినపడుతోందని ఎందుకన్నాను?

జూన్ 3

కట్టు మార్చాను. బొబ్బ పగలలేదు. చీము లేదు. నా చేతి డ్రెస్సింగు, మచ్చ కూడా పడదు.

మేరమ్మ కుడిచెయ్యి అది. అన్నం కలిపి పెడుతున్నాను. తింటోంది, ఏమీ అనడం లేదు. అంటే బాగుండేది.

జూన్ 8, ఆదివారం

చర్చికి నడిచి వెళ్ళాం. దారిలో అంతా ఆలోచించుకున్నాను. వార్డులో నర్సు ఆలోచించినట్టు, సొంత మనిషిలా కాకుండా.

రోగికి రక్తం తగ్గిపోతోంది. బయట గాయం లేదు, పక్క మీద చుక్క లేదు. అప్పుడు ఎక్కడ చూడాలి? లోపల చూడాలి. ఏ ట్రైనీ అమ్మాయిని అడిగినా చెబుతుంది. కూలెంటు తగ్గుతోంది, నేల మీద చుక్క లేదు, వెనక తెల్లపొగ. ఇంజను లోపలే తాగేస్తోంది. అన్ని ప్లగ్గులూ గోధుమరంగులో ఉంటే ఒక్కటి మాత్రం ఎందుకు మెరుస్తోంది? ఆ సిలిండరులోకి కూలెంటు దిగి, ఆవిరై, రోజూ ప్లగ్గును కడిగి పెడుతోంది. అది నా పనితనం కాదు. నెలనెలా దాన్ని వెలుగులో పెట్టి చూసి మురిసిపోయాను.

నిర్ధారించుకోవడానికి అంతోనయ్య నేర్పిన పరీక్ష ఒకటుంది. ఇంజను నడుస్తుండగా ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకాలి. పనిచేస్తున్న సిలిండరు వైరు పీకితే ఇంజను గొంతు మారుతుంది, కుంటుతుంది. పనిచేయని సిలిండరు వైరు పీకితే ఏ తేడా ఉండదు.

రేడియేటరు నింపి స్టార్ట్ చేశాను. రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరు తీసుకున్నాను. మేరమ్మను పిలిచి బండి పక్కన నిలబెట్టాను. ఎందుకు పిలిచానో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. సాక్ష్యానికి అనుకున్నాను.

"ఇంజను చప్పుడు మారితే మారిందని చెప్పు," అన్నాను.

మొదటి వైరు పీకాను. ఏ తేడా లేదు. ఇదేనేమో పోయింది అనుకున్నాను.

"మారింది," అంది మేరమ్మ.

తిరిగి పెట్టి, రెండోది పీకాను. ఏ తేడా లేదు.

"మారింది."

మూడోది.

"మారలా."

నాలుగోది.

"మారింది. ఆగిపోయేలా ఉంది, పెట్టేయ్."

మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాను. చేతికి అదురు తెలుస్తోంది. చెవికి మాత్రం నాలుగూ ఒక్కటే. ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరో మిక్సీ వేసుకుంటున్నట్టు.

ఇంజను ఆపాను. ప్లేయరు డబ్బాలో పెట్టాను. మేరమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది, కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని.

మూడో సిలిండరు. ఇంజనుకూ పైన హెడ్డుకూ మధ్య ఉండే రేకు, హెడ్ గ్యాస్కెట్, పోయింది. రోగం దొరికింది. బండి రోగం.

జూన్ 9

రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 11

కాఫీ తాగుతూ మేరమ్మను అడిగాను. దాని ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ.

"నాకు వినపడట్లేదని నీకెప్పుడు తెలిసింది?"

"వచ్చిన నెలకే."

"రెండేళ్ళ నుంచి చెప్పలేదేం?"

"చెబితే వింటావా నువ్వు?"

అన్నాక అదే తడబడింది. నాకు నవ్వొచ్చింది. అదీ నవ్వింది. ఆగలేక ఇద్దరం అలా నవ్వుతుంటే నాగేంద్రమ్మ గారు ప్రహరీ మీది నుంచి తొంగి చూశారు.

తర్వాత మేరమ్మ నెమ్మదిగా, మాట మాట విడదీసి చెప్పింది. "బండెక్కిన ప్రతిసారీ నీ పక్కన ఎందుకు కూర్చుంటున్నాననుకున్నావు? నాకు కారంటే భయం. మా ఆయన పోయింది రోడ్డు మీదేగా. లారీలవాళ్ళు హారన్ కొడుతూనే ఉంటారు అక్కా. నేను వింటాను. నీకు చెప్పేలోపు ప్రాణం గొంతులోకొస్తుంది."

నేను దాన్ని సరదా అనుకున్నాను. ఈ డైరీలోనే రాసుకున్నాను.

నర్సును నేను. ఎవరింటికి వెళ్ళినా ఆ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఎవరికి రక్తం తక్కువో మొహం చూసి చెప్పేదాన్ని. మా ఇంట్లో రెండేళ్ళుగా ఒక మనిషి భయంతో నా కారెక్కి కూర్చుంటోందని కనిపెట్టలేకపోయాను.

బండి ప్రేమ్ కిరణ్‌కి ఇచ్చేద్దాం అన్నాను. మేరమ్మ లోటాలు తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది.

"ముందు దాని జబ్బు నయం చేయి. జబ్బుతో పంపుతావా ఎవరినైనా?" అంది.

జూన్ 20

ఇవాళ నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి.

గ్యాస్కెట్ విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. ప్రేమ్ కిరణ్ తెచ్చాడు. ఈ పాత ఇంజను వాడెప్పుడూ విప్పలేదు, నేనూ విప్పలేదు. అంతోనయ్య విప్పుతుంటే ఒకసారి చూశాను, అంతే. ఇద్దరం కలిసి మా వాకిట్లోనే మొదలుపెట్టాం. బరువు వాడిది, వరస నాది. తీసిన ప్రతి బోల్టూ నేను, మేరమ్మ స్కూలు నాటి పాత అట్టముక్క ఒకటి తీసుకుని దాని మీద గుచ్చి, ఎక్కడిదో రాసిపెట్టాను.

హెడ్డు లేపాక పాత గ్యాస్కెట్ చేతికొచ్చింది. మూడో సిలిండరు పక్కన, నీటిదారికీ దానికీ మధ్య కాలిపోయి, అగ్గిపుల్లంత సందు. వెలుగులో పట్టుకుని మేరమ్మకు చూపించాను. "ఇంతేనా?" అంది. "ఇంతే," అన్నాను. ప్రేమ్ కిరణ్, "పరవాలేదు మేడమ్, హెడ్డు పగల్లేదు. ఇంకో రెండు ట్రిప్పులు తిప్పుంటే పగిలేది," అన్నాడు.

ప్రేమ్ కిరణ్ హెడ్డును లేతు షాపుకు తీసుకెళ్ళి సాపు చేయించి తెచ్చాడు. బోల్టులు బిగించేటప్పుడు వాడు చివరి నుంచి మొదలుపెట్టబోయాడు. నేను ఆపాను. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి రావాలి, ఒకేసారి కాకుండా విడతలుగా. పెద్ద గాయానికి కుట్లు వేసేటప్పుడు మేమూ మధ్యలోనే మొదటి కుట్టు వేసేవాళ్ళం. వాడు సరేనన్నాడు. వాడి చేతి బలం మాత్రం చూడాలి, పానా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. మంచి పనివాడు. వాడిని పోయిన నెల అనుమానించాను.

కూలెంటు దారులన్నీ కడిగితే తుప్పునీళ్ళు వచ్చాయి. తేటగా వచ్చేదాకా కడిగాం. కొత్త కూలెంటు కలిపి పోశాను. నాలుగు కొత్త ప్లగ్గులు, గేజి పెట్టి చూసి, నా చేత్తో ఎక్కించాను.

స్టార్ట్ చేశాడు. వాడు మొహం తిప్పి నా వైపు చూశాడు. నేను మేరమ్మ వైపు చూశాను. అది తల వంచి, కళ్ళు మూసుకుని, క్లాసులో పద్యం అప్పజెప్పించుకుంటున్నట్టు విన్నది. చాలాసేపు విన్నది.

"దెబ్బ తప్పట్లా," అంది.

వాకిట్లో ముగ్గురం నిలబడ్డాం, నల్లటి చేతులతో. నాకు వినపడకపోతేనేం, బానెట్టు మీద అరచెయ్యి పెట్టాను. నాలుగు దెబ్బలూ చేతికి తెలిశాయి.

జూన్ 28

చైతన్య దగ్గరికి వెళ్ళాం. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. రోగులంతా నా వైపు చూశారు. కొంచెం గర్వంగానే ఉంది, ఎందుకు అబద్ధం.

"లైసెన్సుకా సిస్టర్? ఇలా ఇవ్వండి," అంటూ కాగితం అందుకుని పెన్ను మూత తీశాడు.

ఒక్క క్షణం. నేను నోరు మూసుకుంటే చాలు, ఇంకో అయిదేళ్ళు నన్నెవరూ అడగరు. పక్కన మేరమ్మ కూర్చుని ఉంది. దాని ముంజేతి మీద కొత్త చర్మం లేతగా, గులాబీరంగులో ఉంది.

"పరీక్ష చేయకుండా రాస్తారా డాక్టరు గారూ?" అన్నాను.

"మిమ్మల్ని పరీక్ష చేయడమేంటి సిస్టర్."

"చూడకుండానే ఛార్టులో బీపీ రాసిన ట్రైనీ అమ్మాయిని మీ ముందే నిలబెట్టి అడిగాను. గుర్తుందా?"

అతను నవ్వాడు. ఆ తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపాడు. కళ్ళు చూశాడు, చేతులు పట్టి చూశాడు, కాళ్ళు వంచి చూశాడు. అన్నీ బాగున్నాయి. ఆ తర్వాత లేచి నా వెనక్కు వెళ్ళాడు.

"నేను మామూలు గొంతుతో కొన్ని మాటలు అంటాను. అన్నవి అన్నట్టు మీరు చెప్పండి," అన్నాడు వెళ్ళే ముందు.

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఎదురు కుర్చీలో మేరమ్మ తల దించుకుంది. ఎంతసేపటికీ ఏమీ అనడేంటి?

"మొదలుపెట్టండి," అన్నాను.

చైతన్య ముందుకొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"అయిపోయింది సిస్టర్," అన్నాడు.

పెన్ను మూత పెట్టేశాడు. "దీని మీద ఇప్పుడు నేను సంతకం పెట్టలేను. విజయవాడలో చెవుల డాక్టరుకు రాస్తాను. మిషను పెట్టుకుని రండి, మళ్ళీ ఇలాగే చూస్తాను. అప్పుడు సరిపోతే పెడతాను. సరిపోకపోతే అప్పుడూ పెట్టను." ఆ మాటలు అనడానికి అతనికి ఎంత కష్టమైందో మొహంలో కనపడింది. అయినా అన్నాడు.

నా చేతి కింద పనిచేసిన పిల్లాడు. నాకు మొహమాటపడకుండా నిలబడ్డాడు. బయటికి వచ్చాక మేరమ్మ నా వైపు దిగులుగా చూసింది, ఏడుస్తానేమోనని. నేను చెప్పాను, ఇవాళ ఒక మంచి డాక్టరును చూశానని.

జూలై 9

బస్సులో విజయవాడ. రెండు చెవులకూ మిషన్లు.

తిరుగు బస్సులో నిద్రపోలేదు. ప్రపంచం ఇంత గోల చేస్తుందని మరిచిపోయాను. టికెట్టు చింపిన చప్పుడు. వెనక సీట్లో చంటిది చప్పరిస్తున్న వేలు. మేరమ్మ గాజులు. మేరమ్మ గొంతు నేననుకున్నంత లావుగా లేదు, సన్నగా ఉంది. నాతో మాట్లాడటానికే రెండేళ్ళుగా లావు చేసుకుంది.

జూలై 10

మిషన్లు పెట్టుకుని బండి స్టార్ట్ చేశాను. హడలిపోయాను.

ఇంత మోతా? పట్టులా నడుస్తోందని నేను ఊరంతా చెప్పుకున్నది ఈ బండి గురించేనా? పైన వాల్వులు టకటకమంటున్నాయి, సైలెన్సరు బ్రాకెట్టు గిలక్కాయలా ఊగుతోంది, ఫ్యాను బెల్టు కీచుమంటోంది.

వెంటనే ఆపేశాను. తర్వాత పానాల డబ్బా తెచ్చుకున్నాను. చేయాల్సిన పని ఇంత ఉందన్నమాట. చేతులు దురద పెట్టాయి.

జూలై 17

వాల్వులు సరిచేశాం, నేనూ ప్రేమ్ కిరణూ. సైలెన్సరు బ్రాకెట్టు బిగించాను. బెల్టు మార్చాను. వాడు మళ్ళీ అడగలేదు, బండి అమ్ముతారా అని. వాళ్ళ షెడ్డుకు ఎవరో పాత అంబాసిడరు తెచ్చారట, ఒకసారి వచ్చి ప్లగ్గులు చూసి పెట్టమన్నాడు. వస్తానన్నాను.

జూలై 22

చైతన్య మళ్ళీ నా వెనక నిలబడ్డాడు. తలుపు, గొడుగు, రైలు, చింతపండు, సాయంత్రం. అన్నవి అన్నట్టు చెప్పాను. చివర ఇంకో చిలిపి మాట గుసగుసగా అన్నాడు. దానికి నేను, "ఆ మాట ట్రైనింగులో ఉన్నప్పుడు మీరు వార్డులో అంటే ఊరుకునేదాన్ని కాదు," అన్నాను. పగలబడి నవ్వి సంతకం పెట్టాడు.

ఆగస్టు 10, ఆదివారం

లైసెన్సు వచ్చింది. చర్చి అయ్యాక రెడ్డిగూడెం దాకా వెళ్ళొద్దామా అని మేరమ్మను అడిగాను. ఈసారి నిజంగా అడిగాను. "భయమైతే వద్దు. నాకు హారన్లు వినపడుతున్నాయి. నువ్వు కాపలాకి రానక్కర్లేదు," అన్నాను.

"వెనక సీట్లో కూర్చుంటా," అంది. బండి దగ్గరికి వచ్చాక మళ్ళీ ముందు తలుపే తీసింది.

బయల్దేరే ముందు కూలెంటు చూశాను. నిండుగా ఉంది. గ్యాస్కెట్ మార్చిన రోజు ఎక్కడుందో అక్కడే.

వానలు పడి రోడ్డు పక్కంతా పచ్చగా ఉంది. విస్సన్నపేట దగ్గర లారీ వెనక నుంచి హారన్ కొట్టింది. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. మేరమ్మ నా భుజం వైపు చెయ్యి ఎత్తి, మధ్యలో ఆపి, ఒళ్ళో పెట్టుకుంది. ఊరు దాటాక తోటలు మొదలయ్యాయి. కాయలు కోసేసిన చెట్లు కడిగినట్టు ఉన్నాయి.

అప్పుడు ఇంజను చప్పుడు కింద సన్నగా ఇంకేదో వినపడింది. కొత్త బెల్టు అనుకున్నాను. వేగం తగ్గించాను. చప్పుడు తగ్గలేదు. గేరు మార్చాను. దానితో పాటు మారలేదు. ఇంజను లోపలిది కాదు. రేడియేటరుదీ కాదు, ముల్లు నడిమధ్యలో నిలకడగా ఉంది. ఎక్కడిదో పట్టుకోకుండా వదలడం నాకు చేతకాదు. చెవి పెట్టి వింటూ పక్కకు చూశాను.

మేరమ్మ. కిటికీలోంచి తోటల వైపు చూస్తూ, పెదాలు కదపకుండా కూనిరాగం తీస్తోంది.

"ఎప్పట్నుంచి పాడుతున్నావు?" అన్నాను.

ఉలిక్కిపడి ఆపేసింది. "ఊరు దాటాక."

"అది కాదు. కార్లో పాడటం."

"ఎప్పుడూ పాడతాగా. భయమేస్తే పాడుకుంటా." మళ్ళీ తోటల వైపు తిరిగి, "ఇవాళ భయం లేదు, అయినా వచ్చేసింది," అంది.

పాడమన్నాను. నువ్వు వింటుంటే సిగ్గుగా ఉందంది. సరే, వినను, రోడ్డు చూసుకుంటానన్నాను. కొంత దూరం పోయాక మళ్ళీ మొదలుపెట్టింది.

నా ఇంజను ఎంత మెత్తగా నడుస్తుందో ఈ డైరీలో చాలాసార్లు రాసుకున్నాను. ఇవాళ్టిది మాత్రం నా చెవులతో విని రాస్తున్నాను. రెడ్డిగూడెం చేరేదాకా, నాలుగు సిలిండర్లూ నడుస్తుండగా, పక్క సీట్లో మా చెల్లెలు నోరు తెరవకుండా పాడుకున్న పాట నాకు ఒక్క చరణం కూడా తప్పిపోలేదు.